క్లచ్ పెడల్ లేని డీజిల్ కారు: గుంటూరు, విజయవాడ మధ్య రెండేళ్లు

ఎడమ మోకాలికి శస్త్రచికిత్స అయ్యాక ఇక క్లచ్ తొక్కే పని పెట్టుకోవద్దని డాక్టర్‌గారు ఖరాఖండిగా చెప్పారు. నా ఇల్లు గుంటూరు లక్ష్మీపురంలో, ఉద్యోగం విజయవాడ గవర్నర్‌పేటలో. రానూపోనూ రోజుకు డెబ్బై కిలోమీటర్ల పైమాటే. కొత్త ఆటోమేటిక్ కారు నా జీతానికి అందదు. అందుకని 2023 జూన్‌లో పాత కార్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో 2018 నాటి డీజిల్ ఏఎంటీ (క్లచ్‌నూ గేర్లనూ తనే మార్చుకునే రకం) కారును 5 లక్షల 80 వేలకు కొన్నాను. అప్పటికి అది 61,000 కిలోమీటర్లు తిరిగింది. ఇప్పుడు 97,000 దాటింది. ఏ కంపెనీదో రాయడం లేదు. నన్ను విసిగించినవాటిలో చాలా వరకు ఈ రకం గేర్‌బాక్సు స్వభావమే. కొనేముందు ఆ స్వభావం గురించి నాకు ఒక్కరూ చెప్పలేదు. నా అసలు బాధ అది.

అమ్మిన పెద్దమనిషి "పూర్తి ఆటోమేటిక్ అమ్మా, కూర్చుని తొక్కడమే" అన్నారు. పూర్తి ఆటోమేటిక్ కాదు. లోపల ఉన్నది మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. మనం కాలితో తొక్కే క్లచ్‌నూ, చేత్తో మార్చే గేరునూ ఇందులో ఆయిల్ ఒత్తిడితో పని చేసే ఒక హైడ్రాలిక్ యూనిట్ కదిలిస్తుంది. ఎప్పుడు కదపాలో ఒక చిన్న కంప్యూటర్ నిర్ణయిస్తుంది. టార్క్ కన్వర్టర్ ఉండే ఆటోమేటిక్ కార్లలో ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ నడుమ ఆయిల్ ఉంటుంది కాబట్టి కుదుపు మనదాకా రాదు. ఇందులో ఆ అడ్డు లేదు. ఒక గేరు వదిలి ఇంకో గేరు అందుకునేలోపు బండి ఊపిరి బిగబట్టినట్టు ఆగుతుంది. ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు మరీను. పక్కన కూర్చున్న అమ్మ తల ముందుకు ఊగి వెనక్కి వచ్చేది. "బ్రేకు మెల్లగా తొక్కవే" అని కోప్పడేది. బ్రేకు మీద కాలే పెట్టలేదంటే నమ్మేది కాదు.

దీనికి మందు మన పాదంలోనే ఉంది. ఇంజిన్ శబ్దం విని, గేరు మారబోతోందని తెలియగానే యాక్సిలరేటర్ మీద పాదం కొద్దిగా సడలిస్తే కుదుపు సగానికి సగం తగ్గుతుంది. ఆ శబ్దం చెవికి పట్టడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు దగ్గర మాత్రం ఈ చిట్కా పని చేయలేదు. ర్యాంపు బాగా ఏటవాలు. పైన గేటు, గేటు దాటగానే రోడ్డు. కాబట్టి పైకి వచ్చి గేటు దగ్గర ఆగక తప్పదు. మళ్లీ కదలాలంటే పాదం బ్రేకు మీది నుంచి యాక్సిలరేటర్ మీదికి వెళ్లాలి. క్లచ్ పట్టుకునేలోపు బండి వెనక్కి జారుతుంది. కొన్న నాలుగో రోజే మూడడుగులు జారింది. వెనక మా కింది అంతస్తు అమ్మాయి స్కూటర్ మీద ఉంది. నా బంపర్‌కూ ఆమె ముందు చక్రానికీ మధ్య జానెడు దూరం మిగిలింది. బిగుసుకుపోయిన ఆ పిల్ల ముఖం అద్దంలో కనిపించింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ర్యాంపు మీద హ్యాండ్‌బ్రేకు లేకుండా కదలను. హ్యాండ్‌బ్రేకు లాగి ఉంచి, యాక్సిలరేటర్ కొంచెం ఇస్తాను. బండి ముక్కు కాస్త పైకి లేచి, ముందుకు గుంజుతున్నట్టు సీటులో తెలుస్తుంది. అప్పుడు వదులుతాను. కొన్ని కార్లలో ఇలా జారకుండా పట్టి ఉంచే ఏర్పాటు ఉంటుంది. నా మోడల్‌లో లేదు. మీరు కొనబోయే దానిలో ఉందో లేదో మొదట అదే అడగండి. ఎత్తు మీద బ్రేకు వేయకుండా, యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టే అలవాటు ఉంటే ఇవాళే మానుకోండి. క్లచ్ ప్లేటు కాలిపోతుంది.

డీజిల్ కావడం వల్ల ఇంకో చిక్కు ఉంది. నా ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టి బలం పెంచే టర్బో, ఇంజిన్ నిమిషానికి 1,800 చుట్ల (ఆర్‌పీఎం) దగ్గరకు వస్తే గాని అందుకోదు. గేర్‌బాక్సేమో మైలేజి కోసం తొందరపడి పై గేరు వేసి, ఇంజిన్‌ను 1,500 దగ్గరే ఉంచుతుంది. మంగళగిరి దగ్గర సర్వీసు రోడ్డు మీది నుంచి హైవే ఎక్కేటప్పుడు ఈ రెండు బలహీనతలూ ఒకేసారి బయటపడతాయి. అద్దంలో లారీ దూరంగా కనిపిస్తుంది. చోటుందని తొక్కుతాను. గేరు దిగడానికి కొంత ఆలస్యం, ఆ తర్వాత టర్బో లేవడానికి మరికొంత. రెండు సెకన్లు కూడా ఉండకపోవచ్చు. కానీ ఆ రెండు సెకన్లలో లారీ హారన్ చెవి పక్కకు వచ్చేస్తుంది. ఇప్పుడు హైవే ఎక్కడానికి ముందే లివర్‌ను మాన్యువల్ వైపు నెట్టి గేరు తగ్గించుకుంటాను. లారీని దాటాలన్నా అంతే. ఐదో గేరు నుంచి మూడుకు నేనే దించి, ఇంజిన్ గొంతు మారాకే పక్కకు వస్తాను. అలా చేస్తే ఈ కారు పికప్‌కు వంక పెట్టలేం.

వారధి దాటి బస్టాండు వైపు తిరిగాక సాయంత్రం పూట బండ్లన్నీ అంగుళం అంగుళం కదులుతాయి. కదిలిన ప్రతిసారీ క్లచ్ సగం పట్టి సగం జారుతుంది. నేను అది తెలియక, ముందున్న ఆటో జానెడు కదిలితే నేనూ జానెడు కదిలేదాన్ని. 74,000 కిలోమీటర్ల దగ్గర ఒక రోజు కారులోకి మాడిన వాసన వచ్చింది. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు, కూలీ అన్నీ కలిపి 26 వేలు అయింది. డబ్బు పోతే పోయింది, మార్పించాక కుదుపులు అంతకు ముందుకన్నా ఎక్కువయ్యాయి. మార్చిన మెకానిక్ "కొత్త ప్లేటు కదమ్మా, సర్దుకుంటుంది" అన్నాడు. సర్దుకోలేదు. కొత్త క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో స్కానర్ పెట్టి ఆ కంప్యూటర్‌కు మళ్లీ నేర్పించాలి. అతని దగ్గర స్కానర్ లేదు, ఆ పని ఒకటుందని అతనికి తెలియదు కూడా. వేరే చోట ఆ పని అరగంటలో అయిపోయింది. క్లచ్ మార్పించేవాళ్లు ఆ పని చేస్తారో లేదో ముందే అడగండి.

ఇక 2024 మే నెలలో జరిగిన సంగతి. వీటిలో పార్కింగ్ గేరు ఉండదు. బండిని గేరులోనే ఆపి, హ్యాండ్‌బ్రేకు వేయాలి. ఆ సాయంత్రం ఆఫీసు బయట తాళం తిప్పితే డ్యాష్‌బోర్డు మీద న్యూట్రల్‌ను సూచించే ఎన్ అక్షరం మిణుకుమిణుకుమంటోంది, స్టార్ట్ కావడం లేదు. గేరులో ఇరుక్కుంది కాబట్టి నెట్టడానికీ లేదు. ముందు చక్రాలు పైకెత్తి లాక్కెళ్లాల్సి వచ్చింది. ఒక సర్వీస్ సెంటర్‌లో కంప్యూటర్ పెట్టి చూసి, హైడ్రాలిక్ యూనిట్ మొత్తం మార్చాలన్నారు. 68 వేలు. కాగితం చేతికిచ్చారు. దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని బయటికి వస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

మా తమ్ముడు ఆటోనగర్‌లో కార్ల కరెంటు పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన బానెట్ ఎత్తి, మీటరు తీగలు బ్యాటరీకి పెట్టి "ఎన్నేళ్లయిందమ్మా ఇది వేసి?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. ఊరికే ఉన్నప్పుడు 12.3 వోల్టులు చూపించింది. ఎలాగో ఎన్‌లోకి వచ్చాక తాళం తిప్పితే 8.7కు పడిపోయింది. "ఆ హైడ్రాలిక్ యూనిట్ పంపుకు కరెంటు చాలకపోతే ఒత్తిడి రాదు, ఒత్తిడి లేకపోతే గేరు కదలదు. ముందు బ్యాటరీ మార్చి చూద్దాం" అన్నారు. 6,200 పెట్టి బ్యాటరీ వేయించాను. ఆ మిణుకు మళ్లీ కనిపించలేదు. "బాబాయ్‌గారూ, మీకెంత ఇవ్వమంటారు?" అంటే 300 తీసుకున్నారు.

అంత పెద్ద సెంటర్‌లో బ్యాటరీకి మీటరు పెట్టి చూడాలన్న ఆలోచన ఎవరికీ ఎందుకు రాలేదని ఇప్పటికీ కోపం వస్తుంది.

మంచి కూడా చెప్పాలి. హైవే మీద 80లో పోనిస్తే లీటరుకు 21 కిలోమీటర్లు వస్తుంది, విజయవాడ లోపల 14. లీటరు డీజిల్ 97 రూపాయలు దాటిన రోజుల్లో నాకిది పెద్ద ఊరట. 2020 ఏప్రిల్ 1 నుంచి పొగ కాలుష్యం మీద బీఎస్-6 నిబంధనలు వచ్చాక చిన్న డీజిల్ కార్లు చాలా వరకు ఆగిపోయాయి. కాబట్టి నాలాగా రోజూ దూరం తిరిగేవాళ్లు పాత కార్లలోనే వెతుక్కోవాలి. కానీ ఊళ్లోనే రోజుకు ఐదారు కిలోమీటర్లు తిరిగేవాళ్లకు ఇది వద్దు. పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వులో మసి పేరుకుని పికప్ పడిపోతుంది. నాకు రోజూ హైవే ప్రయాణం ఉన్నా ఒకసారి శుభ్రం చేయించాల్సి వచ్చింది.

ఇలాంటి కారు చూడటానికి వెళితే ఉదయాన్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. ఖాళీ రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి ఇస్తే ఏమీ తెలియదు. ఎత్తు మీద ఆపి కదపండి, రివర్సులో ఎత్తు ఎక్కించండి. ట్రాఫిక్‌లో పావుగంట నడిపి వాసన చూడండి. క్లచ్ ఎప్పుడు మార్చారో సర్వీసు కాగితాల్లో లేకపోతే మార్చలేదనే అనుకుని ధరలో తగ్గించమనండి. నేను ఆ 26 వేలూ బేరంలో అడగలేదు. బండి నా పేరు మీదికి మారడానికి కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు, అప్పు తీరినట్టు బ్యాంకు కాగితం చూసుకోవడంలోనే నా జాగ్రత్తంతా అయిపోయింది.

అమ్మేయమని తమ్ముడు రెండుసార్లు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మొన్న సాయంత్రం వానలో బెంజ్ సర్కిల్ దగ్గర నలభై నిమిషాలు ఇరుక్కుపోయాను. ఆటోల వెనక కారంత ఖాళీ వదిలి, ఆ ఖాళీ నిండాకే కదులుతూ ఇల్లు చేరేసరికి తొమ్మిదయింది. లిఫ్టు పని చేయడం లేదు. మూడు అంతస్తులు ఎక్కాను. మోకాలు నొప్పి పెట్టలేదు.