ఆటిజం ఉన్న బిడ్డతో ఇంట్లో తెలుగా, ఇంగ్లీషా, రెండూనా: ఏది మేలు?

బిడ్డకు ఆటిజం ఉందని తేలిన కొద్ది రోజులకే చాలామంది తల్లిదండ్రులకు వినిపించే సలహా ఒకటుంది: "ఒకటే భాష మాట్లాడండి, ఎలాగూ బడిలో ఇంగ్లీషే కాబట్టి ఇంట్లోనూ అదే మాట్లాడండి." మా బాబుకు మూడేళ్లప్పుడు మాకూ అదే చెప్పారు, మేమూ పాటించాం.

ఈ సలహాలో కొంత న్యాయం లేకపోలేదు. థెరపీ, బడి, వీడియోల్లోని పాటలు అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నప్పుడు, ఒకే మాట పదిచోట్ల వినిపిస్తే త్వరగా పట్టుబడుతుందని అనుకోవడం సహజమే. అయితే మా ఇంట్లో జరిగింది వేరు. ఇంగ్లీషులో మాకు వచ్చింది ఆఫీసు పనికి సరిపోయేంతే కావడంతో, బిడ్డతో మా మాటలు "కమ్", "సిట్", "నో" అనే ఆజ్ఞల దగ్గరే ఆగిపోయాయి, బుజ్జగింపులూ కబుర్లూ మాయమయ్యాయి. ఒక రోజు వాడు కంచం ముందుకు తోసి థెరపీలో నేర్చుకున్న "మోర్" అనే మాటను మూడుసార్లు అన్నాడు. దోసె వేస్తున్న మా అత్తగారికి అది అర్థం కాలేదు. కష్టపడి తెచ్చుకున్న మాటకు జవాబు రాకపోయేసరికి వాడు తల నేలకేసి కొట్టుకున్నాడు. ఆ సాయంత్రం నుంచే మేము "ఇంకా" అనే మాట నేర్పడం మొదలుపెట్టాం.

రెండు భాషలు వింటే పిల్లలు గందరగోళపడతారన్న భయానికి పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో ఆటిజం ఉన్న 75 మంది పిల్లలను పరిశీలించగా, రెండు భాషలు వింటున్న 45 మందికి, ఒకే భాష వింటున్న 30 మంది కంటే మాటలు రావడంలో అదనపు ఆలస్యమేమీ కనిపించలేదు. ఆటిజం ఉన్న 6 నుంచి 9 ఏళ్ల పిల్లలతో అక్కడే జరిగి 2019లో ప్రచురితమైన మరో అధ్యయనంలో, ఒక నియమం నుంచి మరో నియమానికి మారాల్సిన ఆటలో రెండు భాషల పిల్లలు మెరుగ్గా ఆడారు గానీ, తల్లిదండ్రులు చెప్పిన రోజువారీ ప్రవర్తనలో ఆ తేడా కనిపించలేదు. ఇవి చిన్న అధ్యయనాలు. పైగా ఏ కుటుంబం ఏ భాష మాట్లాడాలో పరిశోధకులు నిర్ణయించలేరు కాబట్టి, రెండో భాష వల్ల నష్టం కనిపించలేదన్నంత వరకే వీటిని నమ్మాలి.

కేవలం తెలుగుతో సరిపెట్టుకోవచ్చా? బడికి వెళ్లే వయసు రాని బిడ్డకు అది చాలు. బడి మొదలయ్యాక, ముఖ్యంగా విదేశాల్లో, ఇంగ్లీషు తప్పదు. అందుకే తల్లిదండ్రులు తమకు బాగా వచ్చిన భాషలో ఇంట్లో ధారాళంగా మాట్లాడటం, బడి మాటలను పక్కన చేర్చుకోవడం మేలని నా అభిప్రాయం. మాటలు రాని పిల్లలు కావలసింది చూపించి అడగడానికి వాడే బొమ్మల కార్డుల మీద కూడా ఇంట్లో అందరూ చదవగలిగే తెలుగు ఉండాలి. అమ్మానాన్నలకు ఇంగ్లీషే సహజంగా వచ్చే ఇళ్ల సంగతి వేరు, వాళ్లు అదే మాట్లాడవచ్చు.

మేధో వైకల్యం ఉన్నవారి కోసం సికింద్రాబాద్‌లో ఉన్న జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీకి గానీ, ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం ఆర్‌బీఎస్‌కే కింద జిల్లా ఆసుపత్రుల్లో నడిచే డీఈఐసీ (పిల్లల ఎదుగుదల లోపాలను ముందే గుర్తించి సాయపడే) కేంద్రాలకు గానీ వెళ్లినప్పుడు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో మొదటే చెప్పండి. అమెరికాలోనైతే, వీలైనంత వరకు బిడ్డ మాతృభాషలోనే పరీక్షించాలని వైకల్యమున్న పిల్లల చదువుకు సంబంధించిన ఐడియా (IDEA) చట్టమే చెబుతోంది. ఎక్కడికి వెళ్లినా బిడ్డకు వచ్చిన మాటల పట్టీ ఒకటి రాసుకుని తీసుకెళ్లి, తెలుగు మాటలనూ ఇంగ్లీషు మాటలనూ కలిపి లెక్కించమని అడగండి, ఎందుకంటే ఒక్క ఇంగ్లీషులోనే పరీక్షిస్తే వాడికి వచ్చిన "పాలు", "వద్దు", "ఎత్తుకో" లెక్కలోకే రావు.