హైదరాబాద్ నుంచి మేడారం, కాళేశ్వరం దాకా: బండి ఎక్కడ ఆపాలి, సామాను ఎక్కడ ఉంచాలి

హైదరాబాద్‌లో బయల్దేరి వరంగల్, రామప్ప, లక్నవరం, మేడారం, కాళేశ్వరం చూసుకుని కరీంనగర్ మీదుగా ఇల్లు చేరడం సొంత బండిలో మూడు రోజుల పని. ఎక్కడ ఏం చూడాలో, భోజనం ఎక్కడ బాగుంటుందో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఈ దారిలో ఎక్కడ బండి దిగితే సామాను భద్రం, ఎక్కడ దిగితే పోయే అవకాశం ఉంది, ఎందుకు, అన్నంతవరకే ఇక్కడ రాస్తున్నది.

కారులో సామాను మీద దొంగ కన్ను పడేది ఎక్కువగా మనం బండి దిగేటప్పుడే. గుడి ముందు బండి ఆపుతారు. ముందు సీట్లో ఉన్న ల్యాప్‌టాప్ సంచి, అమ్మ హ్యాండ్‌బ్యాగు తీసి, వెనక్కి నడిచి, డిక్కీ తెరిచి, లోపల సర్ది, మూత వేసి దర్శనానికి వెళ్తారు. పక్కన చూస్తున్నవాడెవడైనా ఉంటే, ఏది విలువైనదో, అది ఎక్కడుందో మనమే చూపించినట్టు. అందుకే సర్దడమంతా ఇంటి దగ్గరే అయిపోవాలి. మధ్యలో కొన్న వస్తువులుంటే, దిగబోయే చోటికి రెండు మూడు కిలోమీటర్ల ముందే పెట్రోల్ బంకులో ఆగి సర్దుకోవాలి. ఆపిన చోట డిక్కీ అసలు తెరవకూడదు.

డిక్కీ అంటే బీరువా అనుకోవద్దు. చాలా హ్యాచ్‌బ్యాక్ కార్లలో వెనక సీటు పైనున్న మీట నొక్కితే సీటు ముందుకు మడుస్తుంది, డిక్కీ తెరుచుకున్నట్టే. వెనక తలుపు అద్దం ఒక్కటి పగిలితే చాలు. పక్క అద్దాలు టెంపర్డ్ గాజు, గట్టి మొన తగిలితే మొత్తం చిన్న చిన్న ముక్కలై రాలిపోతుంది. ముందు అద్దం రెండు గాజు పొరల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్నది కాబట్టి పగిలినా అలాగే నిలుస్తుంది. దొంగ ఎప్పుడూ పక్క అద్దం జోలికే వెళ్లడానికి కారణం ఇదే. సెడాన్ కార్లలో కొన్నింటికి వెనక సీటును తాళంచెవితో బిగించే ఏర్పాటు ఉంటుంది. మీ బండికి ఉందో లేదో ఒకసారి చూడండి, చాలామందికి ఉన్న సంగతే తెలియదు. హ్యాచ్‌బ్యాక్‌లో డిక్కీ మీద కప్పే నల్ల పలక ఊరికే చప్పుడు చేస్తోందని తీసి ఇంట్లో పడేస్తుంటారు. యాత్రకు అది తప్పకుండా ఉండాలి. దాని బదులు వరంగల్ కొత్తవాడలో నేసిన జంపఖానా కప్పితే కింద ఏదో ఉందని దూరం నుంచే తెలుస్తుంది. విలువైనది ఉంచక తప్పదనుకుంటే స్టెప్నీ టైరు గుంతలో, చక్రం మధ్యలో పెట్టి, పైన చాప పరిచి, దాని మీద మురికి బట్టల సంచి పెట్టండి. ఉన్నవాటిలో అదే మేలైన చోటు.

జాతీయ రహదారి 163 మీద గూడూరు, కోమళ్ల టోల్‌గేట్లు వస్తాయి. ఫాస్టాగ్ ఉంటే అద్దం దించే పని లేదు. వరస కదలనప్పుడు అమ్మకాలవాళ్లు అద్దం దగ్గరికి వస్తారు, వాళ్లలో నూటికి తొంభైతొమ్మిది మంది పొట్టకూటి కోసం వచ్చినవాళ్లే. కొనాలనుకుంటే నాలుగు వేళ్ల సందు చాలు. ఒడిలో ఫోను, డాష్‌బోర్డు మీద పర్సు పెట్టుకుని అద్దం పూర్తిగా దించొద్దు. వేగం అందుకున్నాక తలుపులు వాటంతటవే తాళం పడే కార్లు చాలానే ఉన్నాయి కానీ, ఇంజన్ ఆపగానే అవే తెరుచుకునేవీ ఉన్నాయి. పెట్రోల్ బంకులో ఇబ్బంది అక్కడే వస్తుంది. డ్రైవర్ దిగి మీటరు సున్నా చూస్తుంటాడు, అవతలి పక్కన వెనక తలుపు తెరిచే ఉంటుంది. దిగేటప్పుడు తాళంచెవి చేతిలోకి తీసుకుని బయటి నుంచి తాళం వేయండి. లోపల పిల్లలో పెద్దవాళ్లో ఉంటే వాళ్లనే లోపలి గొళ్లెం వేసుకోమనండి.

పెంబర్తి దగ్గర ఇత్తడి సామాను కొంటే అక్కడికక్కడే అట్టపెట్టెలో పెట్టించి డిక్కీలోకి చేర్చండి. మెరిసే దీపపు సెమ్మె వెనక సీటు మీద పడుకోబెట్టి వేయిస్తంభాల గుడి ముందు ఆపితే చూడని కన్ను ఉండదు.

ఈ దారిలోనే కాదు, ఎక్కడైనా జరిగే పాత మోసం ఒకటుంది. పక్క నుంచి బైకు మీద వచ్చినవాడు టైరు వైపు చేయి చూపి ‘గాలి పోయింది’ అంటాడు, లేదా కింద ఆయిల్ కారుతోందంటాడు. మీరు దిగి వంగి చూస్తుండగా రెండోవాడు అవతలి తలుపు తెరుస్తాడు. పది రూపాయల నోట్లు కింద పడేసి ‘మీవేనా’ అని అడగడం కూడా ఇదే కోవ. పోలీసులు దీన్ని దృష్టి మళ్లింపు అంటారు. నిజంగా గాలి పోతే బండే చెబుతుంది: స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంది, టపటపమని చప్పుడు వస్తుంది. ఆ రెండూ లేకపోతే ఆగొద్దు. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగినా గాలి నెమ్మదిగానే పోతుంది కాబట్టి ముందున్న బంకు దాకా మెల్లగా వెళ్లిపోవచ్చు. ఆయిల్ అంటే డాష్‌బోర్డులో ఎర్ర దీపం, వేడి ముల్లు చూడండి. అవి మామూలుగా ఉంటే కిలోమీటరు నడిపినంత మాత్రాన ఇంజన్‌కు ఏమీ కాదు.

హన్మకొండ, వరంగల్. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడి ఊరి నడిబొడ్డున ఉంది, రోడ్డు పక్కన చోటు దొరకడమే కష్టం. చీటీ ఇచ్చే పార్కింగ్‌లో నాలుగు అడుగులు ఎక్కువ నడిచినా మంచిదే. చీటీ మీద బండి నంబరు రాయించుకుని జేబులో పెట్టుకోండి, డాష్‌బోర్డు మీద వదలొద్దు. భద్రకాళి గుడిలో మామూలు రోజుల్లో ఇబ్బంది లేదు. ఆషాఢంలో శాకంబరీ ఉత్సవాలప్పుడు, నవరాత్రుల్లో మాత్రం వరసలో మెడ మీద కన్నేసి ఉంచాలి. పుస్తెలతాడును కొంగు కిందికి తీసుకుని పిన్నుతో బిగించుకోవడం మన ఆడవాళ్లకు కొత్త కాదు, అది బాగా పనిచేస్తుంది. కోట దగ్గర తోరణాల చుట్టూ నడక ఎక్కువ, సాయంత్రం వెలుగుల ప్రదర్శన చూసి వచ్చేసరికి చీకటి పడుతుంది. పగలు వచ్చినప్పుడే దీపస్తంభం కింద చోటు చూసిపెట్టుకోండి.

ఇక్కడే తాళం సంగతి చెప్పాలి. రిమోట్ నొక్కి వెనక్కి చూడకుండా నడిచిపోవడం అలవాటైపోయింది. అదే తరంగం మీద వేరే పరికరం అడ్డుపడితే బండికి సంకేతం అందదు, తాళం పడదు. ఇండికేటర్లు వెలిగాయో లేదో చూడండి, తర్వాత పిడి పట్టి ఒకసారి లాగండి. రెండు సెకన్ల పని. తాళంచెవి జేబులో ఉంటేనే తెరుచుకునే బండి అయితే, లాడ్జి గదిలో చెవిని కిటికీ పక్కన, తలుపు పక్కన పెట్టొద్దు. దాని సంకేతాన్ని పట్టి బండి దాకా చేరవేసే పరికరాలు దొంగల దగ్గర ఉన్నాయి. సంకేతం ఆపే చిన్న సంచులు దొరుకుతాయి. కొన్నాక చెవిని అందులో వేసి బండి పిడి పట్టి చూడండి. తలుపు తెరుచుకుంటే ఆ సంచి దండగ. ఇక స్టీరింగుకో గేరుకో అడ్డంగా వేసే ఇనుప తాళం పాత పద్ధతే అయినా ఇప్పటికీ మంచిదే, కోయడానికి సమయం పడుతుంది, చప్పుడవుతుంది.

బసల్లో తేడా ఎక్కువ. హన్మకొండలో పర్యాటక శాఖ హరిత కాకతీయలోనో, ప్రహరీ, గేటు, రాత్రి కాపలా ఉన్న వేరే హోటల్లోనో దిగితే బండి విషయంలో నిశ్చింత. స్టేషన్ దగ్గరి లాడ్జీలు చవకే కానీ, బండి రోడ్డు మీద ఉంచాల్సి వస్తే ఆ మిగులు మిగులు కాదు. గది ఖాయం చేసేముందు అడగాల్సిన ప్రశ్నలు ఇవి: బండి లోపల ఉంటుందా, బయటా? కెమెరా ఆ చోటును చూస్తుందా? చెవి ఎవరికైనా ఇవ్వాలా? ఇవ్వాల్సి వస్తే కారు చెవి ఒక్కటే ఇవ్వండి, ఇంటి తాళాలు గుత్తి నుంచి విడదీయండి. ‘వాహనాలకు మేం బాధ్యులం కాము’ అన్న బోర్డు చూసి ఊరుకోవక్కర్లేదు. హోటల్ మనిషి చెవి తీసుకుని బండి పెట్టాక అది పోతే, హోటల్ వాళ్ల నిర్లక్ష్యం ఉన్నచోట ఆ ఒక్క వాక్యం చూపి తప్పించుకోలేరని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే చెవి ఇచ్చినప్పుడు టోకెన్ తీసుకోండి.

లక్నవరంలో సంగతి వేరు. చెరువు మధ్య దీవి కాటేజీలో పడుకుంటే బండి ఒడ్డునే ఉండిపోతుంది, వేలాడే వంతెన దాటి రాత్రంతా దూరంగా ఉంటారు. అక్కడికి పెద్ద పెట్టెలు తీసుకెళ్లడం కష్టమని డిక్కీలో వదిలేస్తుంటారు. ఒక రాత్రికి సరిపడే బట్టలు, మందులు, పత్రాలు, నగలు, చార్జర్లు భుజాన వేసుకునే సంచిలో విడిగా సర్దుకుని వస్తే ఆ బాధ లేదు. డిక్కీలో మిగిలేవి బట్టలే అయి ఉండాలి.

రామప్పకు జంగాలపల్లి దగ్గర తిరగాలి. యునెస్కో 2021లో గుర్తించాక జనం బాగా పెరిగారు. లోపల గంటకు పైగా పడుతుంది, అంతసేపూ బండి కంటికి ఆనదు. అద్దం మీద ఫోను స్టాండు తీసేసినా గుండ్రటి మరక మిగులుతుంది, ఫోనో కెమెరానో లోపల ఉందని అదే చెబుతుంది. తడిగుడ్డతో తుడిచేయండి. గ్లవ్ బాక్సు ఖాళీ చేసి మూత తెరిచే వదలండి. తొంగి చూసినవాడికి పగలగొట్టే పని లేదని తెలుస్తుంది.

ములుగుకు ముందు గట్టమ్మ గుడి. మేడారం వెళ్లేవాళ్లు ఇక్కడ కొబ్బరికాయ కొట్టకుండా ముందుకు పోరు. ఒక్క నిమిషమే కదా అని ఇంజన్ నడుస్తుండగానే, చెవి అలాగే వదిలి దిగుతారు. దణ్ణం పెట్టుకునే ఆ నిమిషం వీపు బండి వైపు ఉంటుంది. బండే పోతే బీమా కంపెనీ అడిగే మొదటి వస్తువులు రెండు ఒరిజినల్ తాళంచెవులు. ఒకటి బండిలోనే పోయిందంటే నిర్లక్ష్యమని పేచీ పెడతారు. రెండో చెవి యాత్రకు తేవద్దు, ఇంట్లోనే ఉండాలి. ఆర్‌సీ, లైసెన్సు అసలు కాగితాలు కూడా ఇంట్లోనే ఉంచొచ్చు. డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో చూపినవి చెల్లుతాయి. పస్రా దాటాక అడవిలో సిగ్నల్ అందని చోట్లున్నాయి కాబట్టి ముందే ఫోన్‌లో తెరిచి దించుకుని ఉంచండి. ట్రాకర్ పెట్టించుకున్నవాళ్లూ ఒకటి గుర్తుంచుకోవాలి. సిమ్ ఉన్నది నెట్‌వర్క్ లేకపోతే చప్పుడు చేయదు, తాళాలకు తగిలించే చిన్న బిళ్లలు పక్కన వేరే ఫోన్లు ఉంటేనే ఆచూకీ చెబుతాయి. తాడ్వాయి అడవిలో రెండింటి మీదా ఆశ పెట్టుకోవద్దు.

మేడారంలో బంగారమంటే బెల్లం. నిలువెత్తు బంగారం తూకం వేయించినా అది బెల్లమే. సమ్మక్క, సారలమ్మ తల్లులు అడిగేది అదే కాబట్టి అసలు బంగారం ఇంట్లో ఉంచి రావడంలో లోటేమీ లేదు. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే మహాజాతరలో బండి గద్దెలకు చాలా దూరంగా, పొలాల్లో ఆపాలి. వేల బండ్లలో మనది వెతుక్కోవడమే పెద్ద పని, చీకట్లో వెతుకుతూ తిరిగేవాడే దొంగల కంట పడతాడు. దిగగానే పార్కింగ్ బోర్డు ఫొటో తీసి, మ్యాప్‌లో గుర్తు పెట్టండి. జీపీఎస్‌కు నెట్‌వర్క్ అక్కర్లేదు. జంపన్న వాగులో స్నానానికి అందరూ ఒక్కసారి దిగొద్దు, ఒకరు ఒడ్డున బట్టల మూట దగ్గరే ఉండాలి. కారు చెవి కూడా వాళ్ల దగ్గరే. కాళేశ్వరంలో గోదావరి, ప్రాణహిత కలిసే చోటా ఇదే పద్ధతి. రిమోట్ చెవి నీళ్లలో తడిస్తే దొంగ రాకుండానే బండి మొరాయిస్తుంది.

కొండగట్టు మీదుగా తిరిగొస్తే అక్కడ కోతుల సంగతి తెలిసిందే. చేతిలో ప్లాస్టిక్ కవరు ఉంటే తిండే అనుకుంటాయి. పర్సు, ఫోను అందులో వేయకండి, అద్దాలు పూర్తిగా ఎక్కించండి.

బైకు మీద తిరిగేవాళ్లకు, ముఖ్యంగా ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మి డబ్బుతో ఊరికి పోయే రైతులకు ఒక మాట. బ్యాంకు బయట ఎవరో చూసి, వెంట వచ్చి, టీ హోటల్ ముందు ఆగగానే డిక్కీ లేపి డబ్బు తీసుకుపోవడం మన దగ్గర పదేపదే జరుగుతున్నది. స్కూటీ సీటును చేతి బలంతో పైకి లాగితే సందు పడుతుంది. ఆ డబ్బు ఒక పంట మొత్తం కష్టం. డబ్బు చొక్కా లోపల, ఒంటికి ఆనుకుని ఉండాలి. తోడు మనిషి ఉండాలి. ఇల్లు చేరేదాకా టీకి కూడా ఆగొద్దు. వీలైతే ఖాతాలోనే వేయించుకోవాలి.

ఇంత చేసినా అద్దం పగిలి కనిపిస్తే లోపల దేన్నీ ముట్టుకోవద్దు. నాలుగు పక్కలా ఫొటోలు తీసి 112కు ఫోన్ చేయండి. జాతీయ రహదారి మీదైతే రహదారి సాయం నంబరు 1033 కూడా ఉంది. తమ పరిధి కాదని స్టేషన్‌లో అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు రాసుకోవాలి. ఫోను పోతే వరస ఇలా ఉండాలి: ముందు సిమ్ ఆపించండి, తర్వాత బ్యాంకుకు చెప్పండి. ఖాతాలో డబ్బు కదిలితే ఆలస్యం లేకుండా సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయండి. ఆ పైన ఫిర్యాదు కాపీతో, పోయిన ఫోన్ల కోసం ప్రభుత్వం నడిపే సీఈఐఆర్ పోర్టల్‌లో ఫోన్‌ను బ్లాక్ చేయించండి. దానికి ఐఎంఈఐ, అంటే ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు నంబరు కావాలి. బయల్దేరే ముందే *#06# నొక్కి, వచ్చిన నంబరు ఇంట్లో కాగితం మీద రాసిపెట్టుకోండి. సమగ్ర బీమాలో అద్దం ఖర్చు వస్తుంది కానీ లోపలి ల్యాప్‌టాప్, నగలు రావు. అద్దం ఒక్కటే అయితే క్లెయిమ్‌తో పోయే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఎంతో లెక్క చూసుకుని అడగండి. పోయిన సంచిలో ఇంటి తాళాలు, చిరునామా ఉన్న కాగితం రెండూ ఉంటే, అక్కడి నుంచే పక్కింటివాళ్లకు ఫోన్ చేసి ఆ రాత్రికే తాళం మార్పించండి.