పుస్తకాలు పట్టుకుని ఢిల్లీ తిరగాలంటే బుధవారం రాత్రికి చేరాలి

ఢిల్లీ నవలలు చదివి ఆ గల్లీలు చూడాలని బయల్దేరేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది వారం చూసుకోకపోవడం వల్ల. సోమవారం ఎర్రకోట మూత, బల్లీమారాన్‌లో ఉర్దూ కవి గాలిబ్ ఉన్న హవేలీ మూత. శుక్రవారం జూ మూత. మధ్యాహ్నం నమాజు వేళ జామా మసీదులోకి సందర్శకుల్ని పంపరు. ఆదివారం చాందినీ చౌక్‌లో చాలా దుకాణాలు తెరవరు, కానీ పాత పుస్తకాల బజారు పెట్టేది ఆ ఒక్కరోజే. నిజాముద్దీన్ దర్గాలో గురువారం సాయంత్రం ఖవ్వాలీ. అన్నీ కలిపి లెక్కేస్తే బుధవారం రాత్రి దిగి ఆదివారం రాత్రి బండెక్కడమే కుదురుతుంది. నెలల్లో ఫిబ్రవరి, మార్చి మేలు. నవంబరులో పొగ, డిసెంబరు, జనవరి నెలల్లో మంచుకు రైళ్లు గంటల తరబడి ఆలస్యం.

బస దగ్గర అందరూ పహాడ్‌గంజ్ అంటారు. న్యూఢిల్లీ స్టేషన్ ఎదురుగానే, గదులు చవక. రాత్రి పొద్దుపోయేదాకా రోడ్డు మోత తప్పదు, చాలా గదులకు కిటికీ కూడా ఉండదు. బుక్ చేసేముందు కిటికీ సంగతి అడగండి. స్టేషన్ బయట ‘మీ హోటల్ మూసేశారు, వేరేది చూపిస్తా’ అనేవాళ్లు తగిలితే ఆగకుండా హోటల్‌కే ఫోన్ చేయండి. జామా మసీదు చుట్టుపక్కల దిగితే నవల మధ్యలో ఉన్నట్టే ఉంటుంది గానీ, గల్లీలోకి కారు రాదు, పెట్టెలు సైకిల్ రిక్షాలో వేసుకోవాలి. పిల్లలతో వెళ్లేవాళ్లకు మా ఓటు జంగ్‌పురా, లాజ్‌పత్ నగర్ వైపే. కారణం మెట్రో వయొలెట్ లైన్. లాల్ ఖిలా, జామా మసీదు, ఢిల్లీ గేట్, ఐటీఓ, ఖాన్ మార్కెట్, జేఎల్‌ఎన్ స్టేడియం అన్నీ ఆ ఒక్క లైన్ మీదే. హజ్రత్ నిజాముద్దీన్ స్టేషన్లో దిగితే పింక్ లైన్లో మూడో స్టేషనే లాజ్‌పత్ నగర్.

గురువారం నిజాముద్దీన్‌కు. దీనికి జోడీ నీలాంజనా రాయ్ రాసిన ‘ద వైల్డింగ్స్’ (2012). ఆ పేట పిల్లులే కథానాయకులు, ప్రభా మాల్యా బొమ్మలు. పదేళ్లు దాటిన పిల్లలకు ఇవ్వొచ్చు. అంతకన్నా చిన్నవాళ్లకు వద్దు, పిల్లుల పోరాటాల్లో చావులు బాగానే ఉన్నాయి. పెద్దవాళ్లు విలియం డాల్రింపుల్ ‘సిటీ ఆఫ్ జిన్స్’ (1993) తీసుకోండి. పొద్దున్నే హుమాయూన్ సమాధి: టికెట్ 40 రూపాయలు, ఆన్‌లైన్‌లో 35, పదిహేనేళ్లలోపు పిల్లలకు ఉచితం. వయసు అడిగితే చూపడానికి ఆధార్ ఉంచుకోండి. పక్కనే సుందర్ నర్సరీ, పిల్లలు పరిగెత్తడానికీ, చెట్టు కింద కూర్చుని ఒక అధ్యాయం చదువుకోవడానికీ. నవల్లో మారా అనే పిల్లిపిల్లకు పులులతో స్నేహం కుదిరే జూ, పురానా ఖిలా పక్కన. దానికి శనివారం పొద్దున మేలు.

సాయంత్రం దర్గా చుట్టూ ఉన్న నిజాముద్దీన్ బస్తీలోకి. గాలిబ్ సమాధి దర్గాకు వెళ్లే దారిలోనే, చౌసఠ్ ఖంబా అనే పాత సమాధి మందిరం పక్కన. చీకటి పడకముందే చూసేయండి. దర్గా దగ్గరయ్యేకొద్దీ పూల దుకాణాలవాళ్లు ‘చెప్పులు ఇక్కడే విడవండి’ అని పిలుస్తారు. అక్కడ విడిస్తే పూలో చాదరో కొనాలన్న మొహమాటం పడుతుంది. కొనాలన్న నియమమేమీ లేదు. చెప్పులు సంచిలో పెట్టుకుని లోపలికి వెళ్లొచ్చు. తలమీద గుడ్డ ఉండాలి. సమాధి గదిలోకి ఆడవాళ్లను అనుమతించరు, ఆ మాట ముందే చెప్పి తీసుకెళ్లడం మంచిది.

పాత ఢిల్లీకి అహ్మద్ అలీ ‘ట్వైలైట్ ఇన్ ఢిల్లీ’ని మించింది లేదు. 1940లో లండన్‌లో అచ్చయింది, కథ మొదలయ్యేది 1911లో, బ్రిటిష్ రాజు దర్బారు జరిగిన రోజుల్లో. రాజధాని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుతున్నట్టు ప్రకటించింది ఆ దర్బారులోనే. ఇందులో ఇంటిపెద్ద మీర్ నిహాల్‌కు పావురాల పిచ్చి. (పై పుస్తకంలో పిల్లులు, ఇందులో పావురాలు. రెండూ ఒకే సంచిలో.) శనివారం మధ్యాహ్నం మూడింటికి చావడీ బజార్ మెట్రోలో దిగి, హౌజ్ ఖాజీ నుంచి లాల్ కువా మీదుగా గలీ ఖాసిం జాన్‌లోకి తిరగండి. గాలిబ్ హవేలీ అక్కడే. ప్రవేశం ఉచితం, చూడ్డానికి పావుగంట చాలు. రాజమహల్ ఊహించుకుంటే నిరాశే. బల్లీమారాన్ గుండా చాందినీ చౌక్‌కు తేలితే, పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిదిదాకా అక్కడ మోటారు బళ్లు ఉండవు. నడకో, సైకిల్ రిక్షానో.

పావురాలు గల్లీలోంచి కనబడవు, తలెత్తితే కరెంటు తీగలే. పొద్దు వాలే వేళకు జామా మసీదు మెట్ల మీద ఉంటే మేడల మీద గుంపులు గుంపులుగా తిరగడం కనిపిస్తుంది. నమాజు అయ్యాక దక్షిణ మీనారు ఎక్కనిస్తే (టికెట్ విడిగా) ఇంకా నయం, కాకపోతే మెట్లు ఇరుకు, చిన్నపిల్లలతో వద్దు. తూర్పు ద్వారం బయట ఎర్రరంగు దర్గా సూఫీ కవి సర్మద్‌ది. అరుంధతీ రాయ్ ‘ద మినిస్ట్రీ ఆఫ్ అట్మోస్ట్ హ్యాపీనెస్’ (2017) చదివినవాళ్లు అక్కడ ఆగకుండా పోలేరు. ఆ నవల, ఖుష్వంత్ సింగ్ ‘ఢిల్లీ’ (1990) పెద్దవాళ్లకు మాత్రమే.

ఆదివారం పొద్దున ఢిల్లీ గేట్ మెట్రోలో దిగి మహిళా హాట్‌కు. దరియాగంజ్ ఫుట్‌పాత్ మీది బజారు 2019లో ఇక్కడికి మారింది. తూకానికి అమ్మేచోట ఒక కిటుకు: ఆర్ట్ పేపర్ మీది పిల్లల బొమ్మల పుస్తకాలు బరువు, పేపర్‌బ్యాక్ నవలలు తేలిక. అందుకని నవలలు తూకానికీ, బొమ్మల పుస్తకాలు విడిగా ధర పెట్టినచోటా కొనండి. కాగితం బూడిదరంగులో పల్చగా ఉండి, అక్షరాలు అలికినట్టుంటే అది దొంగ అచ్చు. మధ్యలో పేజీ సంఖ్యలు చూడండి, కుట్టులో పదహారు పేజీలు ఒక్కసారిగా గల్లంతైనవి తగులుతాయి. వెన్ను దగ్గర వాసన చూడండి, ముక్కిన వాసనొస్తే పక్క పుస్తకాలకూ బూజు అంటిస్తుంది. మెట్రోలో మనిషికి ఒక సంచి, 25 కిలోలదాకానే. కొన్నవి ఒకే బస్తాలో కుక్కకుండా ఇద్దరి సంచుల్లో సర్దుకుంటే స్కానర్ దగ్గర పేచీ ఉండదు.