పాపకి హెచ్‌పీవీ టీకా వేయించిన క్లినిక్: నాలుగు స్టార్లు

విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక సందులో, మేడ మీద ఉంటుంది ఈ లేడీ డాక్టరు గారి క్లినిక్. బోర్డు చిన్నది, బండి పెట్టుకోవడానికి చోటుండదు. మా 13 ఏళ్ల పాపకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ఇక్కడే వేయించాను, ఆరు నెలల తర్వాత రెండో డోసుకీ ఇక్కడికే వెళ్తాను.

ఎందుకంటే సూది తీయకముందే సిస్టర్ పాపని అడిగింది, పోయిన నెల డేట్ ఎప్పుడొచ్చింది, ఎన్ని రోజులుంది, నొప్పి ఎలా ఉంటుంది అని. పాప సిగ్గుపడి నా వైపు చూస్తే "నువ్వే చెప్పమ్మా" అని ఆగింది. టీకా కార్డు వెనక ఆ తేదీ రాసి, వచ్చే నెలలవి కూడా అక్కడే రాసుకోమంది. టీకాతో ఏదో అయిపోతుందని కాదు, రేపు తేడా అనిపిస్తే దేంతో పోల్చాలో తెలియాలి కదా అన్నారు డాక్టరు గారు.

2021లో కోవిషీల్డ్ వేసినప్పుడు నన్ను ఈ మాట ఎవరూ అడగలేదు. ఆ నెల ఆలస్యమై, బ్లీడింగ్ కూడా ఎక్కువైతే ఒక పెద్దాసుపత్రిలో "టెన్షన్ వల్లమ్మా" అని పంపేశారు. అసలు కోవిడ్ టీకాల ట్రయల్స్‌లోనే నెలసరి లెక్కలు తీసుకోలేదు! 2022లో అమెరికాలో డాక్టర్ ఎడెల్‌మన్ బృందం ఒక పీరియడ్స్ యాప్‌లో దాదాపు 4,000 మంది తేదీలు చూస్తే గానీ, ఆలస్యం సగటున ఒక రోజు లోపేనని తేలలేదు. ఈలోగా పీరియడ్స్‌కి ఐదు రోజులు ముందూ వెనకా టీకా వద్దన్న ఉత్తుత్తి వాట్సాప్ మెసేజ్ ఊరంతా తిరిగేసింది.

మా అత్తగారి భయం వేరు. "ఖమ్మంలో ఆడపిల్లలు పోయిన ఇంజక్షనే కదేటి ఇది?" అని అడిగేశారు. డాక్టరు గారు విసుక్కోలేదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం వైపు సుమారు 14,000 మంది అమ్మాయిలకి వేశారని, కొందరు చనిపోయాక 2010లో ఆపేశారని, ఆ చావులు టీకా వల్ల కాదని విచారణలో తేల్చారని చెప్పారు. కానీ అప్పుడు అమ్మానాన్నల బదులు హాస్టల్ వార్డెన్ల చేత సంతకాలు పెట్టించడం ముమ్మాటికీ తప్పేనంటూ తెలుగులో ఉన్న అంగీకార పత్రం ఆవిడ చేతికే ఇచ్చారు. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చదివారు, మళ్లీ మాట్లాడితే ఒట్టు.

ఈ టీకాలో గార్డసిల్, మన సీరం కంపెనీ వాళ్ల సెర్వావాక్ అని రెండు రకాలూ ఇక్కడ ఉన్నాయి, ఖరీదైనదే వేయించుకోమని బలవంతపెట్టలేదు. మందు మా ముందే ఫ్రిజ్‌లోంచి తీసి ఎక్స్‌పైరీ చూపించారు. ఈ వయసు పిల్లలకి కళ్లు తిరగొచ్చని తర్వాత 15 నిమిషాలు కూర్చోబెట్టారు.

ఒక స్టారు ఎందుకు కోశానంటే, లిఫ్టు లేదు. నిండు గర్భిణులు కూడా రెండంతస్తులు ఎక్కాలి, బాత్రూమేమో కింద! సాయంత్రం వెళ్తే జనం, పొద్దున్నే వెళ్లండి. సెర్వావాక్ ఒక్కోసారి అయిపోతుంది, ముందు ఫోన్ చేసి కనుక్కోండి.