సిరా కడ్డీ వెంట టోక్యోలో రెండు రోజులు

జపనీయుల కుంచెరాతను, అంటే షోదోను, చూడదలచి టోక్యో వెళ్లేవారు మొదటి పూటను యుషిమా సెయ్‌దోకు కేటాయించడం మంచిది. ఒచనొమిజు స్టేషన్లో హిజిరిబాషి వైపు దిగితే రెండు నిమిషాల నడక, ప్రాంగణంలోకి వెళ్లడానికి రుసుము లేదు. జపాన్ సైనిక పాలకుడు, అంటే షోగన్, అయిన త్సునయోషి 1690లో ఇక్కడికి మార్పించిన ఈ కన్ఫ్యూషియస్ ఆలయాన్ని ఆనుకుని 1797 నుంచి షోగన్ ప్రభుత్వ విద్యాలయం నడిచింది. 1923 భూకంపంలో కాలిపోయిన ప్రధాన మందిరాన్ని 1935లో కాంక్రీటుతో తిరిగి కట్టారు. దాని లోపలికి వారాంతాల్లోనూ సెలవుదినాల్లోనూ మాత్రమే అనుమతిస్తారు. గురువారం వెళ్లిన నాకు మూసిన నల్లని తలుపులే దక్కాయి.

అయినా ఆ పూట వృథా కాలేదు, ఎందుకంటే అక్కడ 'కై' అనే చెట్టు ఉంది. కన్ఫ్యూషియస్ సమాధి దగ్గర శిష్యుడు నాటాడని చెప్పుకునే చెట్టు జాతి ఇది. దీని విత్తనాలు 1915లో చైనాలోని చూఫూ నుంచి వచ్చాయి. గీత గీతా విడివిడిగా, నిటారుగా రాసే 'కైషో' పద్ధతి పేరులో ఉన్నది ఈ చెట్టు అక్షరమే. రాతను ఆరు విద్యల్లో ఒకటిగా లెక్కించిన సంప్రదాయంలో దస్తూరీకీ నడవడికీ ఉన్న ముడి నాకు ఆ చెట్టు కింద తెలిసినంతగా ఏ పుస్తకంలోనూ తెలియలేదు. షోగన్లు పాలించిన ఎదో యుగంలో (1603–1868) సర్కారు కాగితాలు జపాన్ సొంత ఒరవడి అయిన 'ఒయియె' శైలిలో నడుస్తుంటే, కన్ఫ్యూషియన్ పండితులు చైనా ఒరవడి అయిన 'కరయో'ను పట్టుకున్నారు. తాత సంపాదించిన ఇంటిని, చదువు అబ్బినా ఆస్తి నిలుపుకోలేని మనవడు అమ్మకానికి పెడుతూ ఆ బోర్డును కరయోలో ముచ్చటగా రాశాడని అప్పటివారి ఎకసెక్కం.

మర్నాడు ఉగుయిసుదానిలో దిగి నెగిషిలోని షోదో మ్యూజియానికి వెళ్లాను. పారిస్‌లో తైలవర్ణ చిత్రకళ నేర్చుకుని వచ్చిన నకమురా ఫుసెత్సు తన జీవితకాల సేకరణతో 1936లో దీనిని తెరిచాడు. చైనా శిలాశాసనాలూ, వాటిపై కాగితం అద్ది తీసిన సిరా ప్రతులూ ఇక్కడి అసలు సంపద. వివరణలు చాలావరకు జపనీస్‌లోనే ఉన్నాయి గనుక ఫోన్లో అనువాదం సిద్ధంగా ఉంచుకోవాలి, సోమవారం సెలవు.

నిరాశపరిచినది, పర్యాటకుల కోసం నడిపే ఒక గంట తరగతి. సాన మీద గంధం తీసినట్టు, రాతిపై నీటిచుక్కలు వేసి సిరా కడ్డీని నెమ్మదిగా అరగదీస్తారని ఆశపడి వెళితే, సీసాలోని సిరాను గిన్నెలో ఒంపి చేతికిచ్చారు. మనసు కుదుటపడడానికే ఆ అరగదీత అని పండితులు భావించిన పనిని తీసివేశాక మిగిలేది ఫోటోకు పనికొచ్చే ఒక అక్షరం. ఆ డబ్బుతో చిన్న కడ్డీ, రాయి కొనుక్కోవడం మేలు.

బస ఉయెనోలోని బిజినెస్ హోటల్లో. గది ఇరుకైనా శుభ్రంగా ఉంది, ఉగుయిసుదాని అక్కడికి ఒక్క స్టేషనే. బల్ల మాత్రం కాగితం పరిస్తే రాయి పెట్టుకోవడానికి చోటు చాలనంత చిన్నది.