సొనాటా: గ్యాప్ వర్క్‌షాప్ చివరి గంటలో దొరికిన ప్యాకేజీ

గ్యాప్ అనేది ఆల్జీబ్రా లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్. దాన్ని ఎలా ఇన్‌స్టాల్ చేసుకోవాలి లాంటి సంగతులు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి వాటి జోలికి పోను. విజయవాడలో ఒక కాలేజీ వాళ్ళు పెట్టిన హ్యాండ్స్-ఆన్ వర్క్‌షాప్‌లో నేను గ్యాప్ నేర్చుకున్నాను. అప్పటినుంచీ నా పీహెచ్‌డీ పనిలో దాన్ని విడవలేదు. ఇన్నాళ్ళ వాడకం తర్వాత నాకు చెప్పాలనిపించేది ఒక్కదాని గురించే. గ్యాప్‌తో పాటే వచ్చే సొనాటా అనే ప్యాకేజీ, అందులోని నియర్-రింగుల లైబ్రరీ. (నియర్-రింగ్ అంటే కూడిక, గుణకారం ఉండి, విభాగ న్యాయం ఒక్క వైపు పాటిస్తే చాలనుకునే రింగు లాంటి నిర్మాణం.)

వర్క్‌షాప్ సంగతి క్లుప్తంగా చెప్తాను. ల్యాబ్ బాగుంది, అన్ని సిస్టమ్స్‌లోనూ సాఫ్ట్‌వేర్ ముందే వేసి ఉంచారు. ఎక్కువ సమయం గ్రూపులకే పోయింది. పర్ముటేషన్లు, సైలో సబ్‌గ్రూపులు, నార్మల్ సబ్‌గ్రూపులు చేయించి, ఆ తర్వాత స్మాల్ గ్రూప్స్ లైబ్రరీ చూపించారు. 1024 ఒక్కటి మినహా 2000 వరకు ప్రతి ఆర్డర్‌లోనూ (ఆర్డర్ అంటే మూలకాల సంఖ్య) ఉన్న గ్రూపులన్నీ, అంటే 42 కోట్లకు పైగా గ్రూపులు, అందులో అందుబాటులో ఉంటాయి. గ్రూప్ థియరీ వాళ్ళకు అది పండగే. నా పని నియర్-రింగుల మీద కావడంతో నేను అంతవరకూ నోట్సు రాసుకుంటూ కూర్చున్నాను. చివరి సెషన్ ముగిసే ముందు రిసోర్స్ పర్సన్ గారు ప్యాకేజీల జాబితా స్క్రీన్ మీద పైకీ కిందకీ జరుపుతూ, "ఇది నియర్-రింగులకు, ఆస్ట్రియాలో లింజ్ యూనివర్సిటీ వాళ్ళు చేసింది" అని ఒక్క ముక్క చెప్పి ముందుకు వెళ్ళిపోయారు.

గుంటూరు, విజయవాడల మధ్య ఆల్జీబ్రా చదివిన వాళ్ళకు ఆ ఒక్క ముక్క ఎందుకంత పెద్దదో అర్థమవుతుంది. గామా నియర్-రింగ్ (ఒకే గ్రూపు మీద ఒకదానితో ఒకటి పొసగే పలు గుణకారాలున్న నిర్మాణం) అనే భావనను ప్రవేశపెట్టిన భవనారి సత్యనారాయణ గారు మన నాగార్జున యూనివర్సిటీలో ఆచార్యులుగా పనిచేసినవారే. ఈ చుట్టుపక్కల కాలేజీల్లో లెక్కలు చెప్పేవాళ్ళలో నియర్-రింగుల మీద థీసిస్ రాసినవాళ్ళు కనిపిస్తూనే ఉంటారు. అయినా మాలో చాలామందిమి ఉదాహరణలు కాగితం మీదే కట్టుకుంటాం. ఆరు మూలకాల గ్రూపు మీద ఒక గుణకారం అంటే 36 గళ్ళు. అది సహచర ధర్మాన్ని పాటిస్తుందో లేదో చూడాలంటే 216 త్రికాలు సరిచూడాలి. ఒక్క గడి మారిందా, మళ్ళీ మొదటికి. అందుకే మా పేపర్లలో ఉదాహరణలు ఎక్కువగా నాలుగు మూలకాల క్లైన్ గ్రూపు దగ్గరే ఆగిపోతాయి, ఒకరి పేపర్లో ఉన్న పట్టికే ఇంకొకరి పేపర్లోనూ కనిపిస్తుంది.

ఇంటికి వచ్చి సొనాటా లోడ్ చేసి, ఎస్3 మీద, అంటే మూడు వస్తువుల పర్ముటేషన్లతో ఏర్పడే ఆరు మూలకాల గ్రూపు మీద, నియర్-రింగులు ఎన్నని అడిగాను. 39 అంది. అన్నీ చూపించమంటే చూపించింది! క్లైన్ గ్రూపు మీద 23. ఆర్డర్ 15 వరకు ఉన్న నియర్-రింగులన్నీ అందులో ఉన్నాయి. గుణకార తత్సమం ఉన్నవైతే 31 వరకు ఉన్నాయి. ఇది బూలియనా, రెగ్యులరా, ప్రైమా, ప్లానారా అని అడగడానికి విడివిడిగా కమాండ్లున్నాయి. వాటిని ఫిల్టర్‌తో కలిపితే "రెగ్యులర్ అయి ఉండి, జీరో-సిమెట్రిక్ కానివి" లాంటి ప్రశ్నకు ఒక్క లైను చాలు. మా రీసెర్చ్ స్కాలర్లు నెలల తరబడి వెతికే ప్రత్యుదాహరణ కొన్ని సెకన్లలో పట్టికతో సహా వచ్చేస్తుంటే నాకు కళ్ళు చెమర్చాయి. ఈ సంతోషం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఇక అసలు కథ. ఇది మాత్రం వర్క్‌షాప్‌లో ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉండాల్సింది.

మొదట్లో నేను ప్రింట్ తీసిన పట్టికల్లో ఒకటి మా గైడ్ గారి టేబుల్ మీద పెట్టాను. సొనాటా మూలకాలకు ఎన్0, ఎన్1 అంటూ ఎన్5 దాకా పేర్లు పెడుతుంది, ఎన్0 అంటే సున్నా. సార్ కళ్ళజోడు సర్దుకుని మొదటి వరుస మీద వేలు పెట్టారు.

"ఏమ్మా, సున్నా వరుసలో ఇవన్నీ ఏంటి? సున్నాతో దేన్ని గుణించినా సున్నా రావాలి కదా మనకి?"

చూస్తే ఆ వరుసలో ఎన్0, ఎన్1, ఎన్2 అంటూ చివరిదాకా బారుగా ఉన్నాయి. కింద మిగతా ఐదు వరుసలూ అచ్చం అలాగే ఉన్నాయి. మొదటి నిలువు వరుసలో మాత్రం అన్నీ సున్నాలే.

"సార్, ఇది కాన్‌స్టంట్ నియర్-రింగ్ లాగే ఉంది, కానీ తిరగబడి ఉంది" అన్నాను.

"పట్టిక తిరగబడలేదు. వాళ్ళ డెఫినిషన్ చూడు" అన్నారు సార్.

మాన్యువల్‌లోనే ఉంది. సొనాటాకు నియర్-రింగ్ అంటే లెఫ్ట్ నియర్-రింగ్, అంటే ఎడమ విభాగ న్యాయం పాటించేది. మేం చదివేది, రాసేది రైట్ నియర్-రింగులు, అంటే కుడి విభాగ న్యాయం పాటించేవి. రైట్ నియర్-రింగులో సున్నాను ఎడమన పెట్టి దేనితో గుణించినా సున్నాయే వస్తుంది. లెఫ్ట్ నియర్-రింగులో ఆ హామీ కుడివైపు సున్నాకే. కాన్‌స్టంట్ నియర్-రింగ్ మాకు ఎక్స్ ఇంటు వై ఈక్వల్స్ ఎక్స్, వాళ్ళకు ఎక్స్ ఇంటు వై ఈక్వల్స్ వై. ఆ రోజే మా కాన్‌స్టంట్ గుణకారాన్ని ఫంక్షన్‌గా రాసి సొనాటాకు ఇస్తే, ఇది నియర్-రింగ్ గుణకారమే కాదని తిప్పికొట్టింది. మా సబ్జెక్టులో అన్నిటికంటే ముందు చెప్పే ఉదాహరణను అది ఒప్పుకోలేదు.

ఇంతకంటే ఆశ్చర్యం ఇంకొకటి. మేమంతా ప్రామాణికంగా పట్టుకునే పుస్తకం రాసిన గుంటర్ పిల్జ్ కూడా ఆ లింజ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పనిచేసినవారే. ఆయన పుస్తకంలో ఉన్నవి రైట్ నియర్-రింగులు. మరి అదే ఊరి నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఎడమవైపు ఎందుకు వెళ్ళింది? కారణం గ్యాప్‌లోనే ఉంది. గ్యాప్‌లో పర్ముటేషన్ బిందువుకు కుడివైపు నుంచి పనిచేస్తుంది, కాబట్టి గుణకారం ఎడమ నుంచి కుడికి చదవాలి. (1,2) ని (2,3) తో గుణిస్తే గ్యాప్ (1,3,2) ఇస్తుంది. ఫంక్షన్ల సంయోగం లాగా కుడి నుంచి చేస్తే (1,2,3) వస్తుంది. ఫంక్షన్లను కుడివైపు రాసే పద్ధతిలో, ఒక గ్రూపు నుంచి అదే గ్రూపుకు ఉన్న ఫంక్షన్లన్నీ కలిసి లెఫ్ట్ నియర్-రింగ్ అవుతాయి. ఎడమవైపు రాసే మా పద్ధతిలో రైట్ నియర్-రింగ్ అవుతాయి. గ్యాప్ నియమం అలా ఉన్నప్పుడు సొనాటాకు వేరే దారి లేదు. వర్క్‌షాప్ మొదటి పూట పర్ముటేషన్లు చేయించినప్పుడే ఈ మాట చెప్పి ఉంటే, చివరి పూట సొనాటా దగ్గర మళ్ళీ గుర్తుచేసి ఉంటే, ఎంతో మేలు జరిగేది. నాతో పాటు వచ్చిన స్కాలర్లలో సగంమంది నియర్-రింగుల వాళ్ళే మరి.

దీని ప్రభావం ఎక్కడ పడుతుందంటే ఐడియల్స్ (గుణకారానికి సంబంధించిన ప్రత్యేక నియమాలు పాటించే ఉపసమితులు) దగ్గర. మా లెఫ్ట్ ఐడియల్ వాళ్ళకు రైట్ ఐడియల్, మా రైట్ ఐడియల్ వాళ్ళకు లెఫ్ట్ ఐడియల్. ప్రోగ్రామ్ ఇచ్చిన జాబితాను అలాగే పేపర్లో పెడితే సిద్ధాంతం మొత్తం అటుదిటు అవుతుంది. రెండు వైపుల ఐడియల్స్‌కు, బూలియన్ లాంటి లక్షణాలకు ఈ బెడద లేదు. నేను ఇప్పుడు పాటించే పద్ధతి ఇది: గ్యాప్‌లో ఉన్నంతసేపూ అంతా లెఫ్ట్‌లోనే ఆలోచిస్తాను, లాగ్ ఫైలు మొదటి లైనులో "లెఫ్ట్" అని రాసి పెడతాను, పేపర్లోకి తెచ్చేటప్పుడు పట్టికలో అడ్డు వరుసలను నిలువు వరుసలుగా మారుస్తాను. మధ్యలో మాత్రం మార్చను.

పైన 39 అని అంత సంబరంగా చెప్పాను కదా, దానికీ ఒక షరతు ఉంది. ఆ 39 ఐసోమార్ఫిజం వరకు లెక్కించినవి, ఒక్కో రకానికి ఒక్క ప్రతినిధి. మామూలు నియర్-రింగుల పనికి అది చాలు. గామా నియర్-రింగులకు చాలదు, వాటికి సొనాటాలో నేరుగా ఏ ఏర్పాటూ లేదు. గామాలో రెండు మూలకాలుంటే, ఒకే గ్రూపు మీద రెండు గుణకారాలు ఒకదానితో ఒకటి పొసగాలి. లైబ్రరీ ఇచ్చిన ప్రతినిధులను మాత్రమే జతలు కడితే చాలా జంటలు తప్పిపోతాయి. ఒక్కో ప్రతినిధినీ గ్రూపు ఆటోమార్ఫిజంలతో (గ్రూపు నిర్మాణం చెడకుండా మూలకాల స్థానాలు మార్చే పద్ధతులతో) తిప్పి, అన్ని రూపాలూ తీయాలి. ఎస్3కి ఆరు ఆటోమార్ఫిజంలు కాబట్టి మహా అయితే 234 గుణకారాలు వస్తాయి. మొదటిదాన్ని 39లో ఒకటిగా ఉంచితే 9,126 జంటలు. నా పాత ల్యాప్‌టాప్ మీద ఇది ఇట్టే అయిపోయింది, నేను కాగితం మీద ఎప్పటికీ కట్టలేని ఉదాహరణలు దొరికాయి.

ఎనిమిది మూలకాల డైహెడ్రల్ గ్రూపు దగ్గర మాత్రం చుక్కలు కనిపించాయి. దాని మీద 1,447 నియర్-రింగులు, ఎనిమిది ఆటోమార్ఫిజంలు. లెక్కవేస్తే జంటలు మహా అయితే కోటీ అరవై ఏడున్నర లక్షల దాకా వస్తాయి. సొనాటా మూలకాలతోనే గుణకారాలు చేయిస్తే రాత్రంతా ఫ్యాను మోత తప్ప ఫలితం లేదు, దానికి తోడు కరెంటు పోతుందేమోనని టెన్షన్. పట్టికలను 1 నుంచి 8 వరకు అంకెల జాబితాలుగా మార్చుకుని, సహచర ధర్మం మొదటిసారి తప్పగానే ఆ జంటను వదిలేసేలా రాస్తే అప్పుడు కదిలింది. ఈ కిటుకు కూడా వర్క్‌షాప్‌లో చెప్పాల్సిందే అంటాను, ఎందుకంటే పరిశోధనలో అసలు అవసరం పడేది ఇక్కడే.

ఎవరు నేర్చుకోవాలంటే, అది మీ పనిని బట్టి ఉంటుంది. చిన్న నియర్-రింగుల్లో ఉదాహరణలు, ప్రత్యుదాహరణలు కావాలంటే నా ఓటు సొనాటాకే, పైగా ఉచితం. ఫజీ ఐడియల్స్ మీదో, అనంత నిర్మాణాల మీదో పనిచేసే వాళ్ళకు దీనితో ఎంత ఉపయోగం ఉంటుందో నేను చెప్పలేను. కమ్యుటేటివ్ రింగులు, పాలినామియల్ ఐడియల్స్ అయితే సింగులర్ అనే వేరే సాఫ్ట్‌వేర్ ఉంది, మీ సమయం దాని మీద పెట్టడం మంచిది. నాకు ఓపిగ్గా పట్టిక చూసి వేలు పెట్టి చూపించే గైడ్ ఉన్నారు కాబట్టి లెఫ్ట్-రైట్ తేడా మొదట్లోనే బయటపడింది, అలా చూసేవాళ్ళు దగ్గర లేకపోతే మాన్యువల్‌లో నియర్-రింగ్ డెఫినిషన్ చదివాకే మొదలుపెట్టండి. వర్క్‌షాప్‌కు వెళ్ళాలా అంటే, కమాండ్ లైన్ అలవాటు లేని వాళ్ళు తప్పకుండా వెళ్ళండి. రిజిస్ట్రేషన్ చేసేటప్పుడే నిర్వాహకులకు ఫోన్ చేసి, సొనాటాకు కనీసం ఒక పూట ఇవ్వమని అడగండి. మన జిల్లాల నుంచి నలుగురు అడిగితే ఇవ్వకపోరు.