కెఫ్ ఎల్‌ఎస్50 మెటా: నాలుగేళ్లు విన్నాక

ముందే చెప్పేస్తున్నా, నేను పాటలు వినేది ఎక్కువగా రాత్రి పదిన్నర దాటాకే. పిల్లలు పడుకుని, టీవీ ఆపేశాక, పక్క గదిలోకి వినపడనంత తక్కువ వాల్యూమ్‌లో గంటన్నర, ఒక్కోసారి రెండు గంటలు. 2021లో కొత్త స్పీకర్లు కొనడానికి బయల్దేరినప్పుడు ఈ సంగతి నాకే తట్టలేదు. వెళ్లిన ప్రతి చోటా గట్టిగా పెట్టించుకుని విని, గట్టిగా పెడితే ఏది అదిరిపోతే అది కొనేయబోయాను. ఆ పొరపాటు ఎలా తప్పి కెఫ్ కంపెనీ వాళ్ల ఎల్‌ఎస్50 మెటా స్పీకర్ల దాకా వచ్చానో, వాటితో ఈ నాలుగేళ్లు ఎలా గడిచాయో రాస్తాను.

అంతకుముందు పదమూడేళ్లు వార్ఫ్‌డేల్ డైమండ్ 9.1 స్పీకర్లు వాడాను. వాటి మీద ఒక్క ఫిర్యాదు లేదు, ఇప్పటికీ మా తమ్ముడి ఇంట్లో మోగుతున్నాయి. మరెందుకు మార్చావయ్యా అంటే, నిజం చెప్పాలంటే దురద. లాక్‌డౌన్‌లో నాన్నగారి కచేరీ సీడీలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటూ హెడ్‌ఫోన్లలో విన్నాను. వాటిలో అంత స్పష్టంగా వినపడిన తంబూర స్పీకర్లలో ఎటు పోతోందా అన్న అనుమానం పట్టుకుంది, ఇక వదల్లేదు. ఆంప్లిఫయర్ యమహా ఏ-ఎస్501, చానెల్‌కి 85 వాట్లు, దాన్ని మార్చే ఉద్దేశం లేదు.

ఇక మా హాలు. విజయవాడలో అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, పదకొండడుగుల వెడల్పు, పదహారడుగుల పొడవు. కింద విట్రిఫైడ్ టైల్స్, ఒక పక్క బాల్కనీకి అద్దాల స్లైడింగ్ తలుపు, మిగతాదంతా పెయింటు వేసిన గోడలు. మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే టింగుమని తిరిగొచ్చేది. మన ఇళ్లలో చాలా హాళ్లు ఇంతే. కానీ విదేశాల సమీక్షలు రాసేవాళ్ల గదుల్లో కార్పెట్లు, చెక్క గోడలు ఉంటాయి, వాళ్లు 'బాస్ కాస్త తక్కువ' అన్న స్పీకరే మనకి సరిగ్గా సరిపోవచ్చు. ఇది నాకు లింటన్ అనే పెద్ద స్పీకర్ల వల్ల తెలిసింది.

గుంటూరులో ఒక మిత్రుడి దగ్గర వార్ఫ్‌డేల్ లింటన్ హెరిటేజ్ ఉంది. కింది స్వరాలకి ఎనిమిదంగుళాల వూఫర్, మధ్య స్వరాలకి విడిగా మిడ్ రేంజ్, పై స్వరాలకి ట్వీటర్, మొత్తం త్రీ వే, ఒక్కో పెట్టె పద్దెనిమిది కేజీల పైన. వాళ్లది ఇండిపెండెంట్ ఇల్లు, పాతకాలపు పెద్ద హాలు, అక్కడ విని నోరెళ్లబెట్టాను. నా మొహం చూసి, "పది రోజులు తీసుకెళ్లి విను బావా, నేను ఎలాగూ ఊరెళ్తున్నా" అన్నాడు. వెనక సీట్లో దుప్పట్లు పరిచి పడుకోబెట్టి తెచ్చాను. మా హాల్లో మొదటి పాటకే గుయ్ఁమంది. ఏ పాటలో అయినా బాస్ గిటార్ ఒకటి రెండు స్వరాల దగ్గరికి రాగానే హాలంతా ఉబ్బి, మిగతా స్వరాల దగ్గర మామూలైపోయేది. తప్పు స్పీకర్లది కాదు. గది పొడవు, వెడల్పు, ఎత్తుని బట్టి కొన్ని ఫ్రీక్వెన్సీలు, అంటే కొన్ని స్వరాలు, గోడల మధ్య నిలబడిపోతాయి. లెక్క వేస్తే మా పదకొండు అడుగులకి 51 హెర్ట్జ్, పది అడుగుల ఎత్తుకి 56 హెర్ట్జ్ వచ్చింది, అంటే రెండూ పక్కపక్కనే. లింటన్ అక్కడిదాకా దర్జాగా దిగుతుంది, దిగిన చోట మా గది దాన్ని పట్టుకుని ఊపేస్తుంది. పదో రోజున దిగులుగా తిరిగిచ్చేశాను.

అప్పుడు తలకెక్కింది, నాకు కావలసింది ఆ లోతుకి దిగని చిన్న స్పీకరని.

హైదరాబాద్‌లో ఒక షోరూమ్‌కి రెండు శనివారాలు వెళ్లాను. మొదటిసారి వాళ్లు వినిపించిందంతా డ్రమ్ములూ గ్లాసులు పగిలే చప్పుళ్లూ ఉన్న డెమో ట్రాకులు, అందులోనూ ప్రతి స్పీకర్‌కీ వాల్యూమ్ నాబ్ ఒకే చోట. 88 డీబీ సెన్సిటివిటీ (అంతే పవర్ ఇస్తే ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే లెక్క) ఉన్న క్యూ అకూస్టిక్స్ 3030ఐ, 85 డీబీ ఉన్న కెఫ్ ఎల్‌ఎస్50 మెటా ఒకే నాబ్ దగ్గర మోగితే మొదటిదే గట్టిగా ఉంటుంది, గట్టిగా ఉన్నదే చెవికి బాగున్నట్టూ ఉంటుంది. రెండోసారి ఫోన్లో సౌండ్ మీటర్ యాప్ వేసుకుని, నా పెన్ డ్రైవ్ పట్టుకెళ్లి, రెండింటినీ ఒకే మోతాదుకి తెప్పించాను. తర్వాత, "ఇంకా తగ్గించండి, ఇంకా, రాత్రిపూట ఇంట్లో వినేంత" అన్నాను. అక్కడి కుర్రాడు నన్ను వింతగా చూశాడు. అంత తక్కువలో కూడా మాట మాటగా, తంబూర తంబూరగా ఉన్నవి రెండే: ఈ ఎల్‌ఎస్50 మెటా, ఇంకోటి హార్బెత్ పీ3ఈఎస్ఆర్. గొంతుల విషయంలో హార్బెత్‌దే ఒక మెట్టు పైన అని ఇప్పటికీ నా అభిప్రాయం, కానీ ధర విన్నాక కుర్చీలోంచి లేచాను. మెటాకే లక్ష దాటింది, అయినా అవే కొన్నాను. ఇంటికొచ్చాక మా ఆవిడ పెట్టె విప్పుతుంటే చూసి, "ఇంత పోసి ఇంత చిన్నవా?" అంది. అడుగు ఎత్తు, ఎనిమిదంగుళాల వెడల్పు, పాపం ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు, కానీ ఎత్తి చూడు అన్నాను. ఒక్కోటి ఎనిమిది కేజీలకి దగ్గర.

కాస్త చరిత్ర చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టదు. బీబీసీ వాళ్లు డెబ్బైలలో ప్రసార వ్యాన్లలాంటి ఇరుకు చోట్ల మాటని సరిగ్గా వినడానికి ఎల్‌ఎస్3/5ఏ అని ఒక చిన్న స్పీకర్ డిజైన్ చేసుకున్నారు, దాంట్లో వాడిన డ్రైవర్లు (శబ్దం పుట్టించే వూఫర్, ట్వీటర్) కెఫ్‌వి. కెఫ్‌కి యాభై ఏళ్లు నిండిన గుర్తుగా, ఆ బీబీసీ స్పీకర్ స్ఫూర్తితో 2012లో ఎల్‌ఎస్50 వచ్చింది, 2020లో దాన్ని సవరించి మెటా తెచ్చారు. 1961లో కెఫ్ పెట్టిన రేమండ్ కుక్ అంతకుముందు పనిచేసింది వార్ఫ్‌డేల్‌లోనే, కాబట్టి నేను మరీ ఇల్లు మారలేదు, పాలోళ్లింటికి వెళ్లానంతే.

దీంట్లో ట్వీటర్ వేరే చోట ఉండదు, అయిదుంపావు అంగుళాల వూఫర్ నడిబొడ్డునే ఉంటుంది, మీద నారింజ తొనల్లా రేకులు. చిన్న గదిలో దీని వల్ల ఏం ఒరుగుతుందంటే, దగ్గరగా కూర్చున్నా పై స్థాయి ఒక చోట నుంచి, కింది స్థాయి ఇంకో చోట నుంచి వస్తున్నట్టు ఉండదు. నేను ఏడడుగుల దూరంలో కూర్చుంటాను. మెటా అన్న పేరు ట్వీటర్ వెనకున్న చిక్కుదారుల బిళ్ల వల్ల వచ్చింది, వెనక్కి పోయే అనవసరపు శబ్దంలో 99 శాతాన్ని అది మింగేస్తుందని కంపెనీ చెబుతుంది. శాతాల సంగతి నాకెందుకు గానీ, రెండు గంటలు విన్నా చెవులు అలసిపోవు, అది మాత్రం నేను పూచీ ఇస్తాను.

స్టాండ్ల దగ్గర నేను పప్పులో కాలేశాను. కంపెనీ స్టాండ్లకి మళ్లీ డబ్బు పెట్టలేక ఆటోనగర్‌లో చేయించాను. నాలుగంగుళాల చదరపు ఇనుప పైపు, పైనా కిందా ప్లేట్లు, పైపు నిండా ఇసుక. ఇసుక జల్లించి, తడి లేకుండా మూకుడులో వేయించి పోశాను (ఆ మూకుడు మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు, కొత్తది కొనిచ్చాను). అంతా బాగానే ఉంది, ఎత్తు దగ్గర దెబ్బ తిన్నాను. అందరూ ఇరవై నాలుగంగుళాలు అంటారు కదా అని అదే చేయించాను. చాలా స్పీకర్లలో ట్వీటర్ పెట్టె పైభాగంలో ఉంటుంది కాబట్టి ఆ కొలత సరిపోతుంది. ఇందులో అది పెట్టె మధ్యలో, అడుగు నుంచి ఆరంగుళాల ఎత్తులో ఉంది. మొత్తం ముప్పై అంగుళాలు, సోఫాలో కూర్చుంటే నా చెవి ముప్పై ఆరు దగ్గర. పాడేవాళ్లంతా నేల మీద కూర్చుని పాడుతున్నట్టు అనిపించి, మొదట్లో స్పీకర్లనే అనుమానించాను. చివరికి వడ్రంగి దగ్గర అయిదంగుళాల టేకు దిమ్మలు చేయించి కింద పెట్టాక గొంతు మొహం ఎదురుగా వచ్చింది. స్టాండు చేయించే ముందు మీ సోఫాలో కూర్చుని టేపుతో చెవి ఎత్తు కొలుచుకోండి, రూపాయి ఖర్చు లేదు.

మొదటి రెండు నెలలు నిజానికి కొంచెం నీరసపడ్డాను. రాత్రి తక్కువ వాల్యూమ్‌లో అంతా శుభ్రంగా ఉండేది, కానీ పల్చగా, మజ్జిగలో నీళ్లెక్కువైనట్టు. వాల్యూమ్ తగ్గించేకొద్దీ మన చెవే బాస్‌ని ఎక్కువగా పోగొట్టుకుంటుంది, పైగా ఇది 79 హెర్ట్జ్ దగ్గరి నుంచే తగ్గిపోయే స్పీకరు. పరిష్కారం ఆంప్లిఫయర్ మీదే ఏడేళ్లుగా ఉంది, నేనే ముట్టుకోలేదు. యమహాలో లౌడ్‌నెస్ నాబ్‌ని వాడే పద్ధతి వేరు: ముందు దాన్ని ఫ్లాట్‌లో (ఏమీ మార్చని చోట) పెట్టి, మనం వినే గరిష్ఠ స్థాయికి వాల్యూమ్ పెంచుకోవాలి, తర్వాత వాల్యూమ్ నాబ్ వదిలేసి లౌడ్‌నెస్ నాబ్‌తోనే తగ్గించుకోవాలి. అలా చేస్తే మధ్య స్థాయిలు తగ్గుతాయి గానీ బాస్ ఒళ్లు అలాగే ఉంటుంది. శబ్దాన్ని ఏ నాబ్‌తోనూ మార్చకూడదనే శుద్ధవాదులు ముక్కు చిట్లిస్తారని తెలుసు. చిట్లించుకోనివ్వండి.

రెండో ఏడాది బుద్ధి గడ్డి తిని ఎనిమిదంగుళాల సబ్‌ వూఫర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చాను. వారం రోజులు పండగే. ఎనిమిదో రోజు లిఫ్ట్ దగ్గర కింది ఫ్లాట్ ఆంటీ ఆపి, "ఏమయ్యా, రాత్రిళ్లు మీ ఇంట్లో గ్రైండర్ ఏమన్నా వేస్తున్నారా?" అని అడిగారు. నాకు మా బెడ్‌రూమ్‌లోకే వినపడనిది ఆవిడకి శ్లాబ్ లోంచి దిగుతోంది. కింద రబ్బరు మ్యాట్ వేశా, మూల మార్చా, తగ్గించా, తగ్గించాక ఇక అదెందుకని అమ్మేశాను.

వినడం సంగతికొస్తే, ఘంటసాల గారి పాత మోనో రికార్డింగులతో నేను ఏ స్పీకర్ జతనైనా పరీక్షిస్తాను. మోనో అంటే రెండింట్లోంచీ ఒకటే శబ్దం కాబట్టి గొంతు సరిగ్గా మధ్యలో నిలబడాలి. డైమండ్లలో అది సోఫా అంత వెడల్పున పరుచుకునేది. ఇందులో టీవీ స్టాండ్ మీదున్న కొండపల్లి ఏనుగు దగ్గర నుంచి, అంతే, అటూ ఇటూ కదలదు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత రికార్డుల్లో గీతల చరచర ఒక పొరలో, వయొలిన్ ఇంకో పొరలో విడివిడిగా ఉంటాయి కాబట్టి ఆ చరచరని మనసు పది నిమిషాల్లో మర్చిపోతుంది. ఈమని శంకరశాస్త్రి గారి వీణలో ఒక్క మీటు మీద లాగే గమకం, మీటు చప్పుడు ఆరిపోయాక కూడా తీగ మీద వేలు జారుతున్నంతసేపూ వినపడుతుంది, అదీ రాత్రి పదకొండింటికి, గొంతు తగ్గించి మాట్లాడుకునేంత శబ్దంలో. నాకు ఇది చాలు. తంబూర కూడా దొరికింది.

దొరకనివి ఉన్నాయి. మృదంగం ఎడమ వైపు మూత గుమ్మన్నప్పుడు ఆకారం వస్తుంది గానీ బరువు రాదు. డోలు, నాదస్వరం పగలు గట్టిగా పెడితే కల్యాణ మండపం రాదు, మండపం బయట చెప్పుల దగ్గర నిలబడ్డట్టు ఉంటుంది. ఈమధ్య సినిమా పాటల్లో కిందికి దిగే సింథ్ బాస్ కోసం అయితే ఇవి మీకు కాదు, మా పెద్దాడు తన బ్లూటూత్ స్పీకరే నయం అంటాడు, వాడి పాటలకి నిజమే. నాసి రికార్డింగ్‌ని దాచిపెట్టే దయ కూడా వీటికి లేదు. ముందు జాలీ విడిగా కొనుక్కోవాలి, నేను కొనలేదు, అందుకని వారానికోసారి పెయింటు కుంచెతో దుమ్ము దులుపుతాను, నలుపు రంగు మీద మా ఊరి దుమ్ము దాగదు.

పవర్ గురించి చాలామంది భయపెడతారు. 85 డీబీ అంటే ఒక వాట్‌కి మీటరు దూరంలో అంత అని. పగలు హాలు నింపాలంటే నిజంగానే ఆంప్లిఫయర్‌లో సత్తా ఉండాలి, ఎందుకంటే ప్రతి మూడు డీబీలకీ వాట్లు రెట్టింపవుతాయి, ఇంపెడెన్స్ (కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు) కూడా మూడున్నర ఓమ్‌ల దాకా పడుతుంది. కానీ నా రాత్రి కచేరీకి సౌండ్ మీటర్‌లో అరవై, అరవై అయిదు డీబీ చూపిస్తుంది, దానికి ఒక్క వాట్‌లో చిన్న ముక్క చాలు. ఎండాకాలం కరెంటు పోయినప్పుడు మా పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఆంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్ జుమ్మంటుంది, అది స్పీకర్ల తప్పు కాదు, ఆ అరగంట ఆపేసి బాల్కనీలో కూర్చుంటా.

గదికి చేసింది కూడా చెప్పాలి: సోఫా ముందు మందపాటి తివాచీ, అద్దాల తలుపుకి బరువైన కర్టెన్, వెనక గోడకి పుస్తకాల అల్మారా. టింగు పోయింది. స్పీకర్లు వెనక గోడకి అడుగున్నర దూరంలో, వాటి వెనక రంధ్రాల్లో పెట్టెతో పాటు వచ్చిన స్పాంజి బిరడాలు వేసీ తీసీ చూసి చివరికి తీసేశాను. రెండింటి మధ్యా ఆరడుగులు. ఈ కొలతలకి మూడు నెలలు పట్టింది, అరంగుళం అటూ ఇటూ జరుపుతూ, ఏనుగు దగ్గరి గొంతు పక్కకి జరిగిందా లేదా చూసుకుంటూ. ఇప్పుడు టైల్స్ మీద స్టాండ్ల నాలుగు మూలలా ఎర్ర ఇన్సులేషన్ టేపు ముక్కలు అంటించి ఉన్నాయి. తడిబట్ట పెట్టే అమ్మాయి స్టాండు జరిపి తుడుస్తుంది, ఆ టేపు గుర్తుల మీదికే మళ్లీ జరిపి పెడుతుంది. మొన్న రెండు ముక్కలు ఊడిపోతే, "అన్నా, గీతలు పోయినయ్, ఎక్కడ పెట్టాలి?" అని నన్నే పిలిచింది.